గొంగడి కప్పిన పురుగులు

గొర్రెపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని పెంచిన గోపమ్మకు పురుగుల్ని పెంచే రాత రాసి ఉందని సోది చెప్పే ఏ ఎరుకలామె కూడా చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు లెండి. కురుమల ఇంట్లో పురుగులేమిటి, విడ్డూరం కాకపోతే!

కిందటేడు బొబ్బరోగం వచ్చి మందనంతా ఊడ్చిపెట్టుకుపోయింది. అరవై గొర్రెల్లో ఒక్కటి మిగిలితే ఒట్టు. మొగుడు కురుమయ్య ఏం చేస్తాడు పాపం, కృష్ణ ఒడ్డున ఒక ఆసామి మందకు జీతం ఉండిపోయాడు. మొన్న దసరాకు ఇంటికొస్తే మూడేళ్ళ కూతురు ఎవరో పరాయి మనిషనుకుని ఏడ్చి నానమ్మ కొంగులో దూరింది. ఆ పూట కురుమయ్య సగం బువ్వలోనే చెయ్యి కడిగేశాడు.

"గీయేడు పెంచే పురుగులు గూళ్ళు కడితే నేను మళ్ల పోను," అని పోయేముందు మాటిచ్చాడు. పుష్య పున్నానికి ఆసామికి జవాబు చెప్పాలి, ఇంకో ఏడాది ఉంటాడా మానుతాడా అని. దానికి ముందు గురువారం వచ్చి పురుగుల్ని చూసుకుపోతానని కబురు పెట్టాడు. అంటే మొగుడు ఇంటిపట్టున ఉండాలంటే పురుగులు బతకాలి. గోపమ్మకు ఆ ఏడు వేరే దేవుడు లేడు.

అవి పట్టుపురుగులు. కొత్తకోట దగ్గరి ఆ ఊరికి గ్రామసేవకుడిగా వచ్చిన బాలయ్య సారు గుడ్లు తెచ్చిచ్చి, బావికింద అరెకరంలో మల్బరీ పెట్టించాడు. ఉన్న ఒక్క అర్ర పురుగులకిచ్చి మనుషులు వసారాలోకి మారారు. నాలుగు కాళ్ళ కర్రమంచె, దాని మీద అంతస్తులుగా ఎనిమిది వెదురు తట్టలు. చీమలు ఎక్కకుండా మంచె కాళ్ళ కింద నీళ్ళు నింపిన మూకుళ్ళు. పొగాకు పొడ సోకకూడదు, దోమల మందు తగలకూడదు, ఊదుబత్తి వెలిగించకూడదు.

"బాలింతరాలు గూడ గింత పత్తెం పట్టదే పిల్లా!" అని అత్త భద్రమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆమె పొగాకు నమిలే మనిషి. అందుకని గడప దాటి లోపలికి రానే రాదు.

గోపమ్మకు మాత్రం కంటిమీద కునుకు లేదు. బల్లి అరిచినా భయమే, ఎలుక కదిలినా భయమే. ఇరుగమ్మ తొంగిచూసి "అబ్బ, ఎంతెంత లావైనయే!" అంటే దిష్టి భయం. పురుగులు ఆకు తింటుంటే సన్నటి జల్లు పడుతున్న చప్పుడొచ్చేది. ఆ చప్పుడు వినపడితేనే ఆమెకు ఊపిరాడేది. ఇంకో వారమైతే గూళ్ళు కడతాయని బాలయ్య సారు చెప్పి వెళ్ళాడు.

సోమవారం చలి ఒక్కసారిగా ముదిరింది. చలికి పురుగులు ముడుచుకోవడం గోపమ్మ చూసింది. గొర్రెపిల్ల వణికితే కురుమ మనిషి ఏం చేస్తుంది? గొంగడి కప్పుతుంది. మొగుడి కోసం నేయించి పెట్టిన కొత్త గొంగడి దండెం మీద ఉంది. చింతగింజల గంజి పెట్టి అట్టలా ఆరబెట్టినది అది. దాన్ని తీసి మంచె మొత్తానికి వెచ్చగా కప్పి, తృప్తిగా పడుకుంది.

తెల్లారి లేచి, పురుగులు వెచ్చగా ఉన్నాయిలే అని గొంగడి తీయకుండానే ఆకు కోతకు పోయింది. మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి తలుపు తీసింది. జల్లు చప్పుడు లేదు.

గొంగడి ఒక పక్క ఎత్తి చూసింది. అమ్మో! తట్టంతా ఎర్రగా కదులుతోంది. ఒక్కో పురుగుకు పది పదిహేను చీమలు పట్టుకుని పీకుతున్నాయి. నోరు లేని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. నెత్తిమీది మోపు ఎప్పుడు కిందపడిందో ఆమెకు తెలియదు. మూకుళ్ళు చూస్తే నీళ్ళు నిండుగానే ఉన్నాయి. మరి ఎట్లా ఎక్కాయి? ఇదేం మాయ? గొర్రెల్ని కాసే కులం పురుగుల్ని కాస్తే కులదేవుడు బీరప్పకు కోపమొచ్చిందా?

"అత్తా! చీమలే! అన్నీ పాయె!" అని గావుకేక పెట్టింది.

భద్రమ్మ ఒక్క ఉరుకున ముంత పట్టుకొచ్చింది. గొర్రెల ఒంటికి నెత్తురు తాగే గోమార్లు పడితే రాసే పొగాకు నీళ్ళు అవి. "జరుగు బిడ్డా, గీ నీళ్ళు సల్లితే ఒక్క చీమ ఉండదు!"

"వద్దు!" గోపమ్మ ఆ ముంత లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టింది. "చీమలతో పాటు పురుగులు సస్తయి! లోపలికి రాకు! నీ సేతులు తగిలినా సస్తయి!"

కాపురానికొచ్చిన ఏడేళ్ళలో కోడలు గొంతెత్తడం అదే మొదలు. భద్రమ్మ మొహం చిన్నబోయింది. చేతులు కొంగులో దాచుకుని గడప బయటే కూలబడింది. అక్కడి నుంచే కళ్ళు చిట్లించి లోపలికి చూసి, "గోపమ్మా, గా గొంగడి సూడు," అంది.

గొంగడి అంచు ఒకటి నేలమీద పడి ఉంది. గంజి వాసనకు గోడ వారనుంచి వచ్చిన చీమలు దాని మీదుగా బారులు తీరి పైకి పోతున్నాయి. మూకుళ్ళలో నీళ్ళుండి ఏం లాభం? గోపమ్మే వాటికి నిచ్చెన వేసిచ్చింది.

ఏడవడానికి కూడా తీరిక లేదు. గొంగడిని వాకిట్లో పారేసింది. ఖాళీ చేటల్లోకి బతికిన పురుగుల్ని ఒక్కొక్కటే తీస్తూ, పట్టిన చీమల్ని గోటితో గిల్లి పారేసింది. చీమలు ఆమె వేళ్ళను కరిచాయి, మోచేతుల దాకా పాకాయి. పొద్దు నడినెత్తికొచ్చేసరికి చేతులు బూరెల్లా ఉబ్బాయి. ఎనిమిది తట్టల్లో మూడు తట్టలకు సరిపడా మిగిలాయి. చచ్చినవాటిని దూరంగా గుంట తీసి పాతిపెట్టింది భద్రమ్మే. ఆ పనికైనా తన చేతులు పనికొచ్చాయని ఒక్క మాట అన్నది కాదు.

బుధవారమంతా గోపమ్మ మెతుకు ముట్టలేదు. మూడు తట్టలు చూసి మొగుడు ఏమంటాడు? ఏమీ అనడు, అదే భయం. మాట్లాడకుండా కర్ర భుజాన వేసుకుని తిరిగి కృష్ణ ఒడ్డుకు పోతాడు. ఇంకో ఏడు. పిల్లకు తండ్రి మొహమే మరుపున పడుతుంది.

గురువారం పొద్దుగాల కురుమయ్య వచ్చాడు. గడప దగ్గర నిలబడి ఖాళీ తట్టల వంక చూశాడు, నిండిన మూడింటి వంక చూశాడు.

"ఏమైంది?"

గోపమ్మ చేతులు కొంగులో దాచుకుంది. వెనకనుంచి భద్రమ్మ, "నేనే కొడకా," అంది. "సలి పెడ్తాందని గొంగడి కప్పిన. దాని మీంచి చీమలెక్కినయి. ముసల్దాన్ని, నాకేం ఎరుక."

"నీకు బుద్ధున్నదా అమ్మా! నిన్ను గా అర్రల అడుగు పెట్టొద్దన్నరు గద?" కురుమయ్య గొంతు లేచింది.

భద్రమ్మ తల వంచుకుంది. మంగళవారం తానన్న మాటలన్నీ గోపమ్మ చెవుల్లో హోరెత్తాయి. ఇంక తట్టుకోలేకపోయింది.

"అత్త గాదు, నేనే కప్పిన," అంది, ఉబ్బిన చేతులు ముందుకు చాపి. "నా సేతులతోనే సంపుకున్న. పోతే పో, అత్తనేమనకు."

కురుమయ్య ఆ చేతుల్ని చూశాడు. తల్లిని చూశాడు.

"సలిపెడ్తే గొంగడి కప్పక ఏం కప్పుతరే?" అన్నాడు మెల్లగా. "నేనింట్ల ఉంటే నేను గూడ గదే కప్పుతుంటి."

కర్ర గోడకు ఆనించాడు. తలపాగా విప్పి దండెం మీద వేశాడు.

"ఆకు ఎప్పుడెయ్యాలె?"

గోపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడే ఎయ్యాలె," అంది భద్రమ్మ. "రాత్రి సంది ఆకలిమీదున్నయి."