ఖాళీ పెట్టెలు

టెబానో చీపురు మొదలుతో కంటైనర్ గోడ మీద రెండుసార్లు కొట్టాడు. బయట కూతురు అకెనేటె గడియ లాగి తలుపు తెరిచింది.

"చిల్లులున్నాయా నాన్నా?"

"ఒకటుంది. పైన, కుడి మూల. రేకు ముక్క అంటించమని చెప్పు."

ఊడ్చాక లోపలే నిలబడి తలుపు వేయించుకోవడం అతని పద్ధతి. చీకట్లో ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టు. చూడడం అయిపోయాక రెండుసార్లు కొడతాడు. కొట్టేదాకా తలుపు తియ్యకూడదు.

బేసో దీవి రేవులో ఈ కంటైనర్ పెట్టెలు నిండుగా దిగుతాయి. బియ్యం, పిండి, పంచదార, డబ్బా మాంసం, సిమెంటు, మేకులు. వెళ్లేటప్పుడు కొన్నింటిలో ఎండుకొబ్బరి ఉంటుంది. మిగతావి ఖాళీ. దీవుల చుట్టూ చేపలున్నాయి. వాటిని పరాయి దేశాల ఓడలు నడిసముద్రంలో పట్టుకుని అటునుంచి అటే పోతాయి. ప్రభుత్వానికి రుసుము కడతాయి. ఈ రేవుకు మిగిలేది ఖాళీ పెట్టెలు ఊడ్చే పని. ఆ పని టెబానోది.

అతని ఎడమ భుజం కుడిదానికంటే కిందికి ఉంటుంది. నేల చెక్కల సందుల్లో ఇరుక్కున్న గింజల్ని తీసి తీసి చూపుడు వేళ్ల గోళ్లు చీలిపోయాయి. చీపురు తనే కట్టుకుంటాడు, కొబ్బరి ఈనెలతో. రాలిన బియ్యం ఊడ్చినవాడిదే. అది ఇంట్లో కోళ్లకు పోతుంది.

రేవు మేస్త్రీ బిరిబో గొడుగు వేసుకుని వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా ఇక్కడే ఉన్నావా? పెట్టె ఊడుస్తున్నావా, పెళ్లిపందిరి అలుకుతున్నావా?"

"నీ పెళ్లికి అలికా కదా. ఆ రోజు ఇంత తొందర పడలేదే నువ్వు."

"ఆ రోజు ఓడ లేదు." బిరిబో నవ్వి, గొడుగు దించాడు. "పోటు ఎక్కగానే ఓడ కదులుతుంది. ఈసారి అటు రేవులో ఒక్క చీమ కనపడ్డా ఆఫీసువాళ్లు ఊరుకోరు. మొన్నటి గొడవ గుర్తుందిగా?"

టెబానోకు గుర్తుంది. మొన్నటి ఓడలో వెళ్లిన ఒక పెట్టెలో పురుగులు దొరికాయి. అది అతను ఊడ్చిన పెట్టె కాదు, ఒంట్లో బాగాలేక రాని రోజున ఇంకెవరో ఊడ్చినది. అయినా ఊడ్చే పని బయటి కంపెనీకి అప్పగిస్తామని ఆఫీసులో అన్నారు. బిరిబో అడ్డుపడి ఒక ఒప్పందం చేశాడు. ఈ ఓడ శుభ్రంగా వెళ్తే టెబానో పని నుంచి దిగిపోవచ్చు, అతని చోటు అకెనేటెకు ఇస్తారు. ఆమె భర్త చేపల వేటకెళ్లి పడవతో సహా తిరిగి రాలేదు. ఇంట్లో వేరే సంపాదన లేదు.

"చీమ ఉంటే నీ గొడుగులోనే ఉంటుంది," అన్నాడు టెబానో.

బిరిబో వెళ్లాక అతను నీడలో కూర్చున్నాడు. అకెనేటె నీలం అంచు ఇనుప కప్పులో నీరా పోసి ఇచ్చింది. పిడి దగ్గర పింగాణీ పూత పెచ్చు లేచిన కప్పు అది. పనిలో చేరిన కొత్తలో ఒక పెట్టె మూలలో అతనికి దొరికింది. అటువైపు సరుకు ఎక్కించినవాడు తాగి మరిచిపోయి ఉంటాడు. టెబానో ఆఫీసులో ఇవ్వబోతే నవ్వి, ఉంచుకోమన్నారు. అప్పటినుంచి అందులోనే తాగుతున్నాడు.

"పక్కింటివాళ్లు కూర పంపితే మీ అమ్మ గిన్నె ఖాళీగా ఇచ్చేదా?" అన్నాడు.

"మళ్లీ మొదలుపెట్టావా?"

"ఇచ్చేదా?"

"లేదు. గుమ్మడి ముక్కో చేపో వేసేది."

"మరి మనం? వాళ్లు నింపి పంపుతారు, మనం ఊడ్చి పంపుతాం."

"ఊరికే పంపుతున్నారా నాన్నా? డబ్బిచ్చే కొంటున్నాంగా."

"అయితే మాత్రం." అతను ఛాతీ మీద అరచేత్తో రుద్దుకున్నాడు. "ఒక గవ్వ వేద్దామన్నా వద్దంటారు. ఆకు పడకూడదు, మట్టి పడకూడదు."

"నొప్పిగా ఉందా?"

"నీరా పుల్లబడింది. అంతే."

నీరా పుల్లగా లేదని ఆమెకు తెలుసు. ఉదయం గీసినదే.

మధ్యాహ్నానికి ఇంకొక్క పెట్టె మిగిలింది. అది తాను ఊడుస్తానంది అకెనేటె. అతను ఒప్పుకోలేదు.

"వచ్చే ఓడ నుంచి అన్నీ నీవేగా. ఈ ఒక్కటీ నన్ను చేసుకోనీ."

లోపలి గోడ నుంచి తలుపు దాకా మెల్లగా ఊడ్చుకుంటూ వచ్చాడు. ఆగి నిలబడ్డాడు, మళ్లీ ఊడ్చాడు. చెక్క సందులో పిండి తెట్టె కడితే మేకుతో గీకాడు. చెత్త చేటలోకి ఎత్తి ఆమెకిచ్చాడు. చీపురు తీసుకుని మళ్లీ లోపలికి నడిచాడు.

"వెయ్యి," అన్నాడు.

ఆమె తలుపు వేసింది. రేవులో క్రేన్ తిరుగుతోంది. ఎండుకొబ్బరి వాసన వస్తోంది. ఆమె చేట దులిపి, చప్పుడు కోసం చూసింది. ఎప్పుడూ పట్టేంతసేపు గడిచింది.

"నాన్నా?"

తలుపు లాగింది. అతను గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చున్నాడు. చీపురు తొడల మీద ఉంది. ఆమె పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. కొంతసేపటికి లేచి వచ్చి బిరిబోను పిలిచింది.

నలుగురు మనుషులు అతన్ని చాప మీద పడుకోబెట్టి, రేవు గదిలోకి మోసుకెళ్లారు. చీపురు కూడా చాప మీద పెట్టారు. బిరిబో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నువ్వెళ్లమ్మా. పెట్టె సంగతి నేను చూసుకుంటా. ఊడ్చేశాడుగా."

"ఊడ్చాడు. చిల్లులు చూశాడో లేదో తెలీదు."

"అకెనేటె..."

"పురుగు దూరితే ఆయన పేరే చెప్తారు. తలుపు వెయ్యి మేస్త్రీ."

బిరిబో వేశాడు. చీకట్లో ఆమె నాలుగు గోడలూ పైకప్పూ చూసింది. ఎక్కడా వెలుగు లేదు. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పిడికిలితో రెండుసార్లు కొట్టింది.

బయటికి వచ్చి నీడలో ఉన్న ఇనుప కప్పు తీసుకుంది. కుళాయి దగ్గర పీచుతో తోమి, కడిగి, కట్టుకున్న బట్ట అంచుతో తుడిచింది. మళ్లీ లోపలికి వెళ్లి చివరి మూలలో దాన్ని పెట్టి వచ్చింది.

బిరిబో చేతిలో సీలు ఉంది. కప్పు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"మట్టేమైనా ఉందా?"

"కడిగాను."

అతను తలుపు మూసి, గడియ వేసి, సీలు బిగించాడు. కాగితం మీద ఖాళీ అని రాశాడు.

"వచ్చే ఓడకు తెల్లారే వచ్చెయ్," అన్నాడు.

క్రేన్ ఆ పెట్టెను ఎత్తింది. గాల్లో అది ఒక పక్కకు వంగింది. లోపల కప్పు దొర్లి గోడకు తగిలింది.