ఫ్రిజ్ తలుపు మీద ముప్పై ఒక్క ఫిర్యాదులు

ఫ్రిజ్ తలుపు మీద తెల్లకాగితం అంటించి, స్కేలు పెట్టి నడిమధ్యన గీత గీశాడు భర్త. ఎడమ పక్కన ‘ఉంటే మంచి’ అనీ, కుడి పక్కన ‘ఉంటే చెడు’ అనీ రాశాడు. ఆయన ఉద్యోగమే అలాంటిది. ఆ సముద్రపొడ్డు నగరానికి కొత్తగా వేస్తున్న మంచినీటి గొట్టాలను ఒక్కొక్కటే తట్టి చూసి, పాసో ఫెయిలో రాయాలి. ఇంట్లో ఉన్నా ఆ చెయ్యి ఊరుకోదు. పెళ్ళిచూపులనాడు కూడా ఇలాంటి కాగితమే ఒకటి జేబులో పెట్టుకుని వచ్చి ఉంటాడని కోడలికి గట్టి అనుమానం.

వచ్చి రెండేళ్ళయింది, ఒప్పందం అయిపోవచ్చింది. ఈ పరాయి దేశంలో ఇంకో మూడేళ్ళు ఉంటారా, వచ్చే నెల సామాను సర్దుకుంటారా, శుక్రవారం పొద్దున్న పదిలోగా చెప్పమంది కంపెనీ.

“ఎవరికి ఏది తోస్తే అది ఇందులో రాద్దాం. ఏ పక్క బరువెక్కితే అటే,” అన్నాడాయన.

ఆ మాటతోనే ఫలితం తేలిపోయిందనుకుంది కోడలు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. రాసేది ఆయన. నోరు మెదపనిది తను. పొద్దున్న లేచింది మొదలు ఈ ఊరిని ఉతికి ఆరేసేది అత్తగారు. ఇక ఏ పక్క బరువెక్కుతుందో తెలియడానికి పంచాంగం చూడాలా?

కోడలికి ఈ ఊళ్ళో ఉండిపోవాలని ఉంది. అంతా ఇంతా కాదు, ప్రాణం పెట్టేంతగా ఉంది. సొంత ఊళ్ళో తొమ్మిదేళ్ళపాటు పడగ్గది కిటికీ కింద మిషను వేసుకుని ఇరుగుపొరుగు వాళ్ళ జాకెట్లు కుట్టింది, చీరలకు ఫాల్సు వేసింది. ‘ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఇది కుట్టిపెట్టు’ అన్నవాళ్ళే గాని అదీ ఒక పనే అన్నవాళ్ళు లేరు. ఇక్కడ ఇంటికి నాలుగు సందుల అవతల బీచి గొడుగులు కుట్టే షెడ్డు ఉంది. ఒకరోజు ఊసుపోక దాని గుమ్మంలో నిలబడి చూస్తుంటే, బాగుకొచ్చిన ప్రతి గొడుగూ నడినెత్తినే, కర్ర దూరే చోటే చిరిగిపోయి కనిపించింది. సముద్రపు గాలి లాగేది అక్కడే మరి. సైగలతో కత్తెర అడిగి పుచ్చుకుని, జాకెట్టు చంక దగ్గర వేసినట్టే ఏటవాలుగా కత్తిరించిన పట్టీ ఒకటి వేసి, రెండు వరసల కుట్టు వేసి ఇచ్చి వచ్చింది.

ఆ వానాకాలంలో ఊళ్ళో గొడుగులన్నీ చిరిగాయి, అదొక్కటి తప్ప. షెడ్డు యజమానురాలు వెతుక్కుంటూ ఇంటికొచ్చి మరీ పిలుచుకుపోయింది. ఇప్పుడు కత్తిరింపు బల్ల కోడలిదే. ఆమె సుద్దతో గీత గీస్తే తప్ప అక్కడి ఆరుగురిలో ఒక్కరూ గుడ్డ మీద కత్తెర పెట్టరు.

ఇదంతా ఫ్రిజ్ మీద ఎలా రాస్తుంది? ‘నాకు ఇక్కడ బావుంది’ అని రాస్తే, పెద్దావిడ సుఖం కంటే నీ గొడుగులెక్కువా అని ఎవరూ అనకపోయినా తనకే వినిపిస్తుంది. అందుకని ఎడమ పక్కన ‘గాలి బాగా వస్తుంది’ అని మాత్రం రాసి ఊరుకుంది.

అత్తగారికి అలాంటి మొహమాటాలేం లేవు. ఆవిడ అంటూ ఉంటే కొడుకు చెవి ఒగ్గి విని, తారీఖు వేసి మరీ రాసుకున్నాడు.

“పాడు సముద్రం! ఒకటే రొద. చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి.”

“ఈ ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పుపట్టాయి. ఇవాళ బందులు, రేపు నా మోకాళ్ళు.”

“మధ్యాహ్నం రెండయ్యేసరికి కరెంటు పోవాల్సిందే. వీళ్ళ మొహాలు మండ!”

“కింద ఇస్త్రీ బండిది ఉంది చూశావూ, ఒట్టి గయ్యాళి. నా నేతచీరని అప్పడంలా నొక్కేసింది.”

“వీధులన్నీ తవ్విపోశాడు, ఎవడో చచ్చినాడు!”

తవ్వించింది కొడుకే. అది రాసేటప్పుడు మాత్రం ఆయన కలం కాస్త తడబడింది.

అబద్ధాలా అంటే ఒక్కటీ అబద్ధం కాదు. ఆ ఊళ్ళో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఫుట్‌పాత్ మీద నడుద్దామంటే దాని మీద మోటారుసైకిళ్ళు నడుస్తుంటాయి. విదేశీయుల కార్డు మీద ముద్ర వేయించుకోవాలంటే ఏడు కిటికీలు తిరగాలి. ఏడో కిటికీ దగ్గర కూర్చున్నాయన ఎంతో మర్యాదగా నవ్వి మళ్ళీ ఒకటో కిటికీకి పంపిస్తాడు. కోడలికి ఇవన్నీ తెలుసు. తెలిసే, అత్తగారి కంట పడకుండా కప్పెట్టాలని నానా తంటాలూ పడింది. తలుపు బందులకు దొంగచాటుగా నూనె రాసింది. కరెంటు పోయే వేళకి పనికొస్తుందని బ్యాటరీ ఫ్యాను ఆవిడ మంచం పక్కన పెట్టి పనికి వెళ్ళింది. నీళ్ళు రానిరోజు కింద నుంచి బిందెలు మోసింది. ఏం లాభం? బుధవారం సాయంత్రానికి ఎడమ పక్కన ఆరు, కుడి పక్కన ముప్పై ఒకటి.

“అమ్మ ఇంత ఇబ్బంది పడుతోందని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను,” అన్నాడు భర్త. “ఇంక నాకు ముద్ద దిగదు. వెళ్ళిపోదాం.”

కోడలు సరేనంది. వంటింట్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఇంత నోరున్న అత్తగారు కోడల్ని మాత్రం పదకొండేళ్ళలో ఒక్క మాట అనలేదు. ‘మా కోడలు బంగారం’ అనేది నలుగురిలోనూ. ‘ఏమ్మా, తిన్నావా’ అనేది ఇంట్లో. చుట్టాలాడవాళ్ళు ‘ఏ నోము నోచుకున్నావే తల్లీ’ అని మెటికలు విరిచేవాళ్ళు. అలాంటి మనిషి సుఖానికి అడ్డం రావడమా? కూడదు గాక కూడదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతూ పోతూ షెడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ని కూడా పేల్చేసి పోయింది. మిషన్లు ఆగాయి. ఇళ్ళకు పొమ్మంది యజమానురాలు.

సందు మలుపు తిరిగిన కోడలు, ఇస్త్రీ బండి దగ్గర అత్తగారిని చూసి నిలబడిపోయింది. ఆవిడ బోర్లించిన బకెట్టు మీద దర్జాగా కూర్చుని ఉంది. తల నీడలో, ఒళ్ళు ఎండలో. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడి, పాదాల నిండా ఇసుక. ఆవిడ తెలుగులో అరుస్తోంది, ఇస్త్రీ ఆవిడ వాళ్ళ భాషలో అరుస్తోంది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా ఏం పోట్లాట! అంతలోనే ఇద్దరూ ఫక్కున నవ్వి ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు.

“పాడు సముద్రం!” అంటోంది అత్తగారు. “మోకాళ్ళ దాకా తడిపేసింది, దాని దుంప తెగ. రేపు పొద్దున్నే వెళ్ళి దాని సంగతి చెప్తా. నువ్వొకత్తివి, గయ్యాళిదానివి. నేను తప్ప నీ మొహం చూసేదెవరే?” అంటూ చేతిలో ఉన్న కొబ్బరిబోండం సగం తాగి, మిగతాది ఆ గయ్యాళిదానికి ఇచ్చింది.

ఆగివున్న మోటారుసైకిళ్ళ వెనకాల నక్కి చూస్తున్న కోడలికి అప్పుడు వెలిగింది.

అత్తగారు పెళ్ళైన కొత్తలో, మొగుడి జుట్టు భలే ఒత్తుగా ఉంటుందని పదిమందిలో మురిసిపోయిందట. ఏడాది తిరిగేసరికి ఆయనకి బట్టతల. దిష్టి! నా నోటితో నేనే కొట్టుకున్నానని లెంపలు వాయించుకుని, ఆనాటి నుంచి ఇష్టమైనదాన్ని ఏనాడూ బావుందని అనలేదు. ఈ కథ ఆవిడే లక్షసార్లు చెప్పింది. విన్నవాళ్ళందరూ నవ్వి మర్చిపోయారు. పోయిన మామగారిని ఇప్పటికీ ‘ఆ పనికిమాలిన మనిషి’ అనే అంటుంది, అంటూనే ఫొటో తుడుస్తుంది. కన్నకొడుకు ‘వెధవాయి’. మరి ఆవిడ బావుందన్నవో? ఈ బిల్డింగులో లిఫ్టు ‘ఎంత బావుందో’ అంటుంది. ఒక్కనాడూ అందులో కాలు పెట్టదు, మూడంతస్తులూ మెట్లే. సొంత ఊళ్ళోని ఫ్లాటు ‘ఇంద్రభవనం’. ఆ ఇంద్రభవనంలో పలకరించే దిక్కులేక రోజంతా వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది.

సాయంత్రం భర్త గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోయింది కోడలు.

“ఏమండీ, మీ అమ్మగారికి నచ్చనివి కావు ఇవి. నచ్చినవి!”

ఆయన ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివాడు. పాడు సముద్రం. గయ్యాళి. దిక్కుమాలిన గాలి. చదువుతున్నకొద్దీ నోరు తెరుచుకుంది.

“నిజమే సుమా! చిన్నప్పుడు నాకు ఫస్టు మార్కులొస్తే రెండు రోజులు తిట్టేది. ఇన్ని గొట్టాలు తట్టి చూశాను గాని అమ్మనొక్కసారి తట్టి చూడలేదే! అయితే అమ్మ ‘బంగారం’ అన్నదేదీ…”

సగంలో ఆగిపోయాడు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ‘బంగారం’ ఎవరో ఇద్దరికీ తెలుసు.

“ఛ, నీ సంగతి వేరు,” అన్నాడు గబగబా.

కోడలు నవ్వేసింది. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. గొడుగుల షెడ్డు దక్కేలా ఉంది, సంతోషమే. అత్తగారికి మాత్రం తనూ ఆ లిఫ్టూ ఒకటేనా? ఇన్నేళ్ళూ ఒక్క మాట పడకపోవడం అదృష్టమనుకుంది. ఎంత వెర్రిది!

శుక్రవారం పొద్దున్న కాఫీ దగ్గర కొడుకు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, మన ఊరు వెళ్ళిపోదామనుకుంటున్నాం. నీకిష్టమేనా?”

అత్తగారి చేతిలో గ్లాసు ఆగింది.

“మంచిదే నాన్నా,” అంది మెల్లగా. “మన ఊరికేం, ఎంత బావుంటుంది! ఫ్లాటూ ఇంద్రభవనమాయె.” కాఫీ సగంలో వదిలేసి చెప్పులేసుకుని కిందికి వెళ్ళిపోయింది.

“మన ఊరు ఫెయిల్,” అన్నాడు కొడుకు. కంపెనీకి ఉత్తరం కొట్టడానికి కూర్చున్నాడు, ఈల వేసుకుంటూ.

కోడలు షెడ్డుకి పరిగెత్తింది. అక్కడ మూల ఒక గొడుగు ఉంది. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలన్నీ అతికి, నెల కిందటే అత్తగారి కోసం కుట్టింది. ఇస్తే ఏమనుకుంటారో అని ఇవ్వలేదు. దాన్ని భుజాన వేసుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చింది.

అత్తగారు బకెట్టు మీద కూర్చుని ఉంది. ఎండ మొహం మీద పడుతున్నా కదలడం లేదు. దేన్నీ తిట్టడం లేదు. ఇస్త్రీ ఆవిడ హడలిపోయి, పెట్టె పక్కన పెట్టేసి, ఈవిడ నుదురు పట్టుకుని చూస్తోంది.

కోడలు ఆ పక్కనే గొడుగు పాతింది. తెరిచింది.

అత్తగారు తలెత్తి చూసి, “ఎంత బావుందమ్మా. బంగారుతల్లివి,” అంది.

అంతే. కోడలికి ఎక్కడ లేని కోపం తన్నుకొచ్చింది.

“ఏం బావుంది? ఎవరు బంగారం? ఎండలో కూర్చుని పెనం మీద అట్టులా మాడిపోతున్నారు, వంటి మీద ధ్యాసుందా మీకు? మెట్లెక్కలేక ఆయాసపడుతూ లిఫ్టు బావుందంటారు! వెళ్ళిపోదామంటే మంచిదేనంటారు! మీ మనసులో మాట మాకేమన్నా కలలోకొస్తుందా? మనం ఎక్కడికీ పోవడం లేదు. ఇంకో మూడేళ్ళు ఈ పాడు ఊళ్ళోనే పడి ఉంటాం. గొడుగు కిందికి జరిగితే జరగండి, లేకపోతే మానెయ్యండి!”

అనేసి నాలుక కరుచుకుంది. ఇస్త్రీ ఆవిడ ఒకసారి ఈమెనీ, ఒకసారి ఆమెనీ చూసింది.

అత్తగారు కళ్ళార్పకుండా కోడలి వంకే చూసింది. తర్వాత బకెట్టు జరుపుకుని గొడుగు కిందికొచ్చి కూర్చుంది. అప్పుడు నోరు విప్పింది.

“ఒసే రాక్షసీ! ఈ నోరు పదకొండేళ్ళు ఎక్కడ దాచావే? ఎప్పుడు చూసినా ‘సరే అత్తయ్యా, అలాగే అత్తయ్యా’! ఇంట్లో మనిషి తిరుగుతోందో, మరబొమ్మ తిరుగుతోందో తెలిసి చచ్చేది కాదు. పరాయి పిల్లని ఏమంటే ఏం తంటా వస్తుందో అని నోరు కట్టుకు కూర్చున్నాను. ఇదేం గొడుగే, మొద్దూ? పచ్చ పక్కన ఎరుపు ఎవరైనా వేస్తారా? కుట్లు చూడు, చీమలు పారినట్టు! దిక్కుమాలిన గొడుగు, దిక్కుమాలిన కోడలూనూ!”

పీలికల గొడుగుని ఆ చివర నుంచి ఈ చివర దాకా తిట్టింది. ఒక్క కుట్టు కూడా వదిలిపెట్టలేదు. తిడుతూనే తడిమింది. కోడలు రెండు చేతులా మొహం కప్పుకుని నిలబడి మొత్తం వింది.

“ఏడుస్తావేమే? పనికి వేళవడం లేదూ? సాయంత్రం పెందలాడే తగలడు, సముద్రానికి పోదాం.”

“తగలడతా లెండి,” అంది కోడలు.

కత్తిరింపు బల్ల దగ్గరికి వచ్చి సుద్దముక్క పట్టుకున్నా, కళ్ళ నీళ్ళు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. యజమానురాలు కంగారుపడి ఏమైందని సైగ చేసింది. ఈ రెండేళ్ళలో నేర్చుకున్న నాలుగు ముక్కలూ కూడబలుక్కుని, “మా అత్తగారు నన్ను తిట్టారు,” అని చెప్పింది కోడలు. పాపం ఆ మహాతల్లి అయ్యోఅయ్యో అంటూ వీపు నిమిరి, మంచినీళ్ళిచ్చి, కావాలంటే ఇవాళ సెలవు తీసుకోమంది.