గునుగుపువ్వు బొగ్గు

"దసరా సెలవులైనంక గూడ నీ సూపర్ కెపాసిటర్ ఛార్జ్ నిలుపుకోలేదనుకో, గా బొగ్గు పక్కకు వెట్టి నేనిచ్చిన టాపిక్ చేసుకో" అన్నడు మా గైడ్ పరమేశ్వర్ సార్. నాకు ఒళ్లు మండింది. ఆయనిచ్చింది చేస్తే గది నా ప్రాజెక్ట్ ఎట్లయితది?

బ్యాటరీ గంటలకొద్ది మెల్లగ నింపుకుంటది. సూపర్ కెపాసిటర్ గటగటా నింపుకుంటది, ఎన్నిసార్లు నింపినా జల్ది అరగది. కాకపోతే దాంట్ల పట్టేది తక్కువ, ఊకె పెడితే ఛార్జ్ కారిపోతది. ఛార్జ్ పట్టేది దాంట్లుండే బొగ్గే, అది మంచిగుంటె గీ తిప్పలు తగ్గుతయ్. నేను గునుగుపువ్వు బొగ్గు పట్టుకున్న. బతుకమ్మ పేర్చంగ మిగిలిన పువ్వు మా ఇంటెనుక కుప్పవడి ఉన్నది.

"గౌరమ్మ పూలు కాలవెడ్తవానే?" అని అమ్మ లొల్లి.

"పేర్చినయి కావమ్మా, మిగిలినయి!"

మూతవెట్టి కాల్చిన, నూరిన, స్టీలు రేకులకు పూసిన, నడుమ ఉప్పునీళ్ల కాగితం పెట్టిన. నాలుగు జతలు కలిపి కడితే ఒక సెట్టు. మొదటి సెట్టు చిన్న ఎర్రలైటును సన్నగ వెలిగించింది, మళ్ల నింపి ఊకె పెడితే పొద్దుగూకినా దాంట్ల ఛార్జ్ ఉన్నది. రెండో సెట్టు, వారెవ్వా, దానికి రెండింతల సేపు వెలిగింది! మళ్ల నింపి పెట్టి అన్నం తిని వచ్చిన. ఖాళీ.

అదే పువ్వు, అదే పొయ్యి. మరి ఏం రోగమొచ్చింది దీనికి? వైర్లు మార్చిన, కాగితం మార్చిన, తల బాదుకున్న. ఆఖరికి పోయి కుప్ప తవ్విన. పైన తెల్ల గునుగు. అడుగున చెయ్యి పెడితే వేళ్లకు గులాబీ రంగు అంటింది. బతుకమ్మ కోసమని అమ్మ రంగునీళ్లల్ల ముంచిన పువ్వది! మొదటిసారి పైది కాల్చిన, రెండోసారి చీకట్ల చూసుకోకుండ అడుగుది గుంజుకొచ్చిన.

రంగుల ఉన్న లోహమేదో బొగ్గుల మిగిలినట్టున్నది. ఉత్త బొగ్గుకైతే ఛార్జ్ పైపైన అంటుకుంటది. లోహం కలిస్తే రసాయన చర్యతోని ఇంకింత పట్టుకుంటది, కార్చేది గూడ అదే కావచ్చు. చెడగొట్టిన అనుకున్నది ఇంకో రకం కెపాసిటర్! సంతోషానికి కుప్పలనే కూలవడ్డ.

సెలవులైనంక రెండు సెట్లు సార్ ముంగట పెట్టిన, అమ్మ రంగు ముచ్చట గూడ చెప్పిన.

"గిండ్ల ఏది నీ ప్రాజెక్ట్?"

"రెండూ సార్. రంగుదాని లెక్క ఎక్కువ పట్టాలె, తెల్లపువ్వుదాని లెక్క కారకుండ ఉండాలె. గదెట్లనో నాకు తెల్వదు. తెల్సుకుంట." రంగుదాన్ని నింపి లైటుకు కలిపిన.

సార్ లైటు ఆరిపోయేదాంక దాని దిక్కే చూసిండు.

"నా టాపిక్ ఇంకెవరికన్నా ఇస్త తియ్. మీ అమ్మ ఇంకేమేం రంగులు అద్దుతదో అడుగు."