పట్టుకాయ పులుసు

గిడ్డయ్య ఎండిన మద్దికొమ్మను నరికి మోపులో పెట్టబోతూ ఆగాడు. కొమ్మ చివర కోడిగుడ్డంత పట్టుకాయ, అడవి పట్టుపురుగు గూడు, వేలాడుతోంది. బూడిదరంగు, రాయిలా గట్టి. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల బరువుగా కదిలింది. పురుగు బతికే ఉంది. సగం మోపుతోనే ఇంటిదారి పట్టాడు.

ఆత్మకూరు సంతలో అతనెవరో ఎవరికీ పట్టదు, కట్టెలు ఎండినవా కాదా అన్నదే లెక్క. కర్నూలు రాజధాని అయిందని ఊరంతా మురిసిన రోజు కూడా అతను అడవిలోనే ఉన్నాడు.

ఇంట్లో మాత్రం గురమ్మ ఉంది. మైదుకూరు రేగడి నేలల నుంచి ఈ అడవి అంచుకు కాపురానికొచ్చిన కొత్తలో పట్టుకాయలను కూరగాయలనుకుని చింతపండు పిండి పులుసు పెట్టిన మహాతల్లి. అవి ఉడికితే కదా! ఆనాటి నుంచి గిడ్డయ్యకు ఆమె ‘కాయపులుసు’. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ ఎగతాళే ఇద్దరినీ నవ్విస్తూ వచ్చింది. పోనుపోను ఆ పురుగు సంగతులు అతనికంటే ఆమెకే ఎక్కువ తెలిశాయి. వేలంత లావున పచ్చగా ఉంటుందనీ, మద్దాకు, రేగాకు దొరికితే రేయింబవళ్లు మేస్తుందనీ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఇప్పుడు ఆమే మంచం పట్టి మెతుకు ముట్టడం మానేసింది. ఒక్క ముద్ద తింటే చాలు, మనిషి దక్కుతుందని గిడ్డయ్య ఆశ.

"కాయపులుసూ, ఇదో నీ కాయ," అంటూ దాన్ని మంచం పైన వాసానికి కట్టాడు. సంగటి మెత్తగా కెలికి గిన్నె తెచ్చాడు. "ఒక్క ముద్ద తినుమే."

"పోదయ్యా గొంతులోకి."

పొద్దు వాలేవేళకు కాయ కొన తడిసి మెత్తబడింది. అందులోంచి సీతాకోకలాంటి పట్టుచిలుక పాకి వచ్చి, నెమ్మదిగా రెక్కలు విప్పింది. అరచేయంత పసుపుపచ్చ రెక్కలు. ఒక్కోదాని మీద లంబాడీ రవిక అద్దంలాంటి గుండ్రటి బిళ్ళ, దాంట్లోంచి అవతలి వెలుతురు కనబడుతోంది.

"ఆడది," అని గురమ్మ నవ్వింది.

"అదీ ఆకలిమీద ఉంటాది. దాంతోపాటు నువ్వూ తిను."

"దానికి నోరే లేదు గదయ్యా. పురుగుగా ఉన్నెప్పుడే తినాల్సిందంతా తినేసింటాది. ఇంగ ఎవరు పెట్టినా తినదు."

"నువ్వేమన్నా పురుగువా?" గిడ్డయ్యకు ఏడుపు ఆగలేదు.

గురమ్మ అతన్ని చాలాసేపు చూసింది. "దాన్ని రేగుచెట్టు మీద ఇడిసిరాపో. ఈడుంటే బల్లి మింగుతాది. గిన్నె ఆడనే ఉండనీ."

అతను తిరిగొచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. అతని కేక విని పక్కింటి హంపమ్మ పరుగెత్తుకొచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, గురమ్మ కళ్లు మూసింది. దీపం పెట్టడానికి చోటు చేస్తూ గిన్నె తీయబోయింది.

"దాన్ని ముట్టొద్దు వదినా," అన్నాడు గిడ్డయ్య.

చల్లారిన సంగటిలో ఒక్క ముద్దంత గుంట ఉంది, దాని అంచున గురమ్మ వేళ్ల గుర్తులు.