నల్ల డబ్బా, ఎర్ర ఫిల్టరు

ఆదివారం పది గంటలకు అతని బావమరిది కారు గుర్రుమంటూ సందు మలుపు తిరిగేసరికి ఇంట్లో స్టవ్వు ఆగిపోయేది. భార్య చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి నిలబడేది. "తమ్ముడొచ్చాడు" అనేది, ఎవరికి చెబుతోందో తెలియకుండా.

అతనూ అదే మోడల్ కారులో వారానికి ఆరు రోజులు సాయంత్రం ఆరింటికి అదే సందులోకి వస్తాడు. కారు ఆపి, తాళం వేసి, చెప్పులు విడిచి వంటింటి గుమ్మంలో నిలబడితే ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతుంది. "మీరెప్పుడొచ్చారు?" అంటుంది. "ఇప్పుడే" అంటాడు. ఆ పూటకు మాటలు చాలావరకు అయిపోయినట్టే.

బావా బావమరుదులిద్దరూ ఆ కార్లను మూడేళ్ళ కిందట ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే బూడిద రంగులో కొన్నారు. రెండున్నరేళ్ళు రెండూ ఒకేలా, పిల్లుల్లా వచ్చి పోయేవి. తర్వాత బావమరిది తన కారుకు గాలి పీల్చే సామాను మార్పించాడు. గొడవంతా అక్కడ మొదలైంది. గొడవంటే బయటకు వినిపించేది కాదు, అతని కడుపులోనే.

దానికి కారణముంది. అతను పనిచేసేది ఆ గాలి డబ్బాలు పోసే ఫ్యాక్టరీలో. ఇంజను ఊపిరి పీల్చాలంటే దుమ్ములేని గాలి కావాలి. అందుకు బానెట్ కింద ఒక మూలన నల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. లోపల మడతల కాగితం ఫిల్టరు, ముందు దీపం వెనక నుంచి చల్లగాలి తెచ్చే పొడుగాటి ముక్కు, పక్కన అతుక్కుని ఒక చిన్న ఖాళీ గది. అచ్చులోంచి వేడివేడిగా వచ్చిన డబ్బాను అతను చేతిలోకి తీసుకుంటాడు. అంచున మిగిలిన పలచటి పొరను చాకుతో గీసేస్తాడు. వెలుతురుకు ఎత్తి చూస్తాడు. నాలుగు క్లిప్పులూ టకటకా వేసి తీస్తాడు. బాగుంటే మూత లోపల తన అంకె, పద్నాలుగు, ముద్ర కొడతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కార్లు కొన్న రోజున అందరూ సీట్లూ పాటల పెట్టే చూసుకుంటుంటే, అతను రెండు బానెట్లూ ఎత్తి, రెండు మూతలూ తీసి చూశాడు. రెండింట్లోనూ పద్నాలుగే ఉంది. మూతలు పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. ఎవరితోనూ అనలేదు.

బావమరిది మనిషి వేరు. కళ్ళజోళ్ళ దుకాణం అతనిది. ఎలాంటి ముఖానికైనా ఒక ఫ్రేము తగిలించి, అద్దం ముందు కూర్చోబెట్టి, "ఇన్నాళ్ళూ ఈ ముఖాన్ని ఎందుకు దాచుకున్నారండీ?" అనగలడు. అలాంటివాడు కొత్త సామాను పెట్టించుకుని ఊరుకుంటాడా? ఆ ఆదివారమే ఇంటి ముందు బానెట్ ఎత్తి పెట్టాడు. నల్ల డబ్బా ఉండాల్సిన చోట అద్దంలా మెరిసే అల్యూమినియం గొట్టం, దాని చివర ఎర్రటి జాలీతో శంఖంలాంటి ఫిల్టరు. పక్కింటి టైలరు వచ్చాడు. పై వాటాలో ఉండే లెక్కల మాస్టారు కిందికి దిగి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఇది కదా ఇంజనంటే అన్నారు. ఆ కళ్ళజోడూ బావమరిది అమ్మిందే.

అతను అందరి వెనకా నిలబడ్డాడు. విప్పి పారేసిన నల్ల డబ్బా టైరు పక్కన నేల మీద వెల్లకిలా పడి ఉంది.

"అక్కా, దీన్ని పారేయనా, నీకేమైనా పనికొస్తుందా?" అన్నాడు బావమరిది.

ఆమె వంగి కింది సగాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. "ఉల్లిపాయలకు బాగుంటుందిరా. గాలి తగులుతుంది" అంది.

ఆనాటి నుంచి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా అతనికి అది కనిపించేది. తన చేతులతో చాకు పెట్టి గీసిన అంచు, దాని మీద ఉల్లిపొట్టు. ఒళ్ళు మండేది. బావమరిది మీద అనుకునేవాడు కానీ, నిజానికి మంట ఆ ఎర్ర ఫిల్టరు మీదే. దాన్ని చూడ్డానికి జనం మేడలు దిగి వచ్చారు. ఇరవై రెండేళ్ళలో తన డబ్బా కోసం ఒక్కడూ బానెట్ ఎత్తలేదు. ఎత్తినా నీళ్ళు పోసి, నూనె చూసి, దించేశారు. అన్నిటికంటే లోతుగా గుచ్చుకున్నది వేరే ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్నా భార్య ఇప్పుడు తమ్ముడి కారే ఎక్కుతోంది. రెండు కార్లూ ఒకేచోటికి వెళ్తున్నా సరే. తన డబ్బాయే మేలైనదని ఆమె నోటితో ఒక్కసారి అనిపించాలి. అంతకు మించి అతనికేమీ అక్కర్లేదు.

రుజువు లేనిదే నోరు విప్పే రకం కాదు అతను. ఆ ఫిల్టరును అప్పుడప్పుడు కడిగి నూనె పట్టించాలి. "నేను కడిగి తెస్తా, ఇవ్వు" అని బావమరిదిని అడిగి, దాన్ని సంచీలో పెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకుపోయాడు. అక్కడ గాలి లాగి కొలిచే బల్ల ఒకటుంది. బల్ల చూసుకునే ఆవిడ అతనికంటే నాలుగేళ్ళు పాత మనిషి, ఎవరి దగ్గరా మొహమాటపడదు. భోజనాల వేళ ముందు అతని డబ్బాను పెట్టి లాగింది. నిమిషానికి రెండు వందల పది ఘనపుటడుగులు. తర్వాత ఎర్ర ఫిల్టరును పెట్టింది. రెండు వందల అరవై ఎనిమిది.

అతను మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ అదే వచ్చింది. ముఖం మాడిపోయింది.

"దాని గొంతు పెద్దదయ్యా. నీదానికి మర్యాద ఎక్కువ" అందావిడ.

అతను ఎర్ర ఫిల్టరును సంచీలో వేసుకున్నాడు. డబ్బా తీసి సంకలో పెట్టుకున్నాడు. ఆవిడ అన్నం గిన్నె మూత తీస్తూ ఇంకో మాట అంది: "అయినా ఇది చల్లటి గది. బానెట్ కింద దానికి ఏసీ ఎవడు పెడతాడు?"

అతను గుమ్మంలో ఆగిపోయాడు. తనకు తెలియనిదేం కాదు. కుళ్ళుతో కళ్ళు కమ్మి మర్చిపోయాడంతే. తన డబ్బాకు ముక్కు ఉన్నది బయటి చల్లగాలి కోసమే. ఆ ఎర్ర ఫిల్టరు ఇంజను పక్కనే ఆరుబయట కూర్చుని సెగనే పీలుస్తుంది. వేడిగాలి పలచన, అందులో బలం తక్కువ. ఎంత పీల్చిందన్నది కాదు, ఏం పీల్చిందన్నది చూడాలి. ఆవిడ దగ్గరే పొడుగు వైర్లున్న ఉష్ణమాపకాలు రెండు అడిగి తీసుకున్నాడు.

వచ్చే ఆదివారం ఊరవతల గుట్ట మీదికి వెళ్దామని అతనే అనేసరికి అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతను అలా అడిగి చాలా ఏళ్ళయింది. కడిగిన ఫిల్టరు తిరిగిచ్చి, ఉష్ణమాపకాల సంగతి చెబితే బావమరిది పకపకా నవ్వి, పెట్టు బావా, దీనికి జ్వరమెంతుందో చూద్దాం అన్నాడు. ఫిల్టరు దాటాక ఉండే గొట్టంలోకి, రబ్బరు బిగింపు కింద నుంచి, రెండు కార్లకూ ఒకే లోతున వైరు దూర్చాడు. అంకె కనిపించే బిళ్ళను స్టీరింగు పక్కన అంటించాడు. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా అంకె చూసి రాయమని భార్యకు కాగితం, పెన్సిలు ఇచ్చాడు. ఇస్తున్నప్పుడే తెలిసింది, ఆమె అవి పట్టుకుని తమ్ముడి కారే ఎక్కుతుందని. లెక్క కోసం అలా ఎక్కక తప్పదు కూడా. తన గొయ్యి తానే తవ్వుకున్నట్టయింది.

తమ్ముడి కారు ముందు, అతనిది వెనక. బయట ముప్పై మూడు డిగ్రీలు. తన కారులో బిళ్ళ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. రాయడానికి పక్కన మనిషి లేదు కాబట్టి ప్రతి అంకెనూ మనసులోనే పెట్టుకున్నాడు. ముందు కారు వెనకద్దంలోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి. ఒక తల ఊగుతోంది. నవ్వుతోందన్నమాట. తమ్ముడు ఏమన్నాడని నవ్వింది? గుట్ట మొదలయ్యే చోట రైలు గేటు పడింది. ఎండలో ఏడు నిమిషాలు ఇంజన్లు ఆపకుండా నిలబడ్డారు. తన బిళ్ళ నలభై ఆరు దాకా ఎక్కి అక్కడే ఆగింది. ముందు కారులో తల మళ్ళీ ఊగింది.

గేటు లేచింది. ఎక్కుడు రోడ్డు మీద బావమరిది కారు సౌండు పెద్దదే చేసింది గానీ, కదలిక మాత్రం బద్ధకంగా ఉంది. రెండో మలుపు దగ్గర అతను పక్కకు తీసి, తొక్కి, దాటేశాడు. ఆ కారులో ఇద్దరున్నారనీ, తనది ఒంటి బరువనీ అతనికి తెలుసు. తెలిసినా ఆ సంగతిని లెక్కలోకి రానివ్వలేదు. అద్దంలో ఆ బూడిద రంగు కారు చిన్నదవుతుంటే ఆరు నెలల మంట ఒక్కసారిగా చల్లారినట్టయింది. ఒంటరిగా ఉన్నా పెదవులు బిగించి నవ్వాడు.

పైన పిట్టగోడ దగ్గర ఆగి, వాళ్ళు రాగానే చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. గేటు పక్క రాయి దగ్గర ఆమె రాసిన అంకె అరవై మూడు. బావమరిదికి చూపించాడు. తన జన్మలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. సెగ గురించి, చల్లగాలి ముక్కు గురించి, రెండో మలుపులో జరిగిన దాని గురించి. బావమరిది శ్రద్ధగా విన్నాడు. టీ తాగుతూ తలాడించాడు.

"నిజమే బావా. కాదని ఎవరన్నారు?" అన్నాడు. "నేను సౌండు కోసమే పెట్టించుకున్నా."

అతని చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ పందెంలో పరుగెత్తింది తనొక్కడే. అవతలివాడు అసలు బరిలోకే దిగలేదు. మళ్ళీ కాగితంలోకి చూశాడు. పదకొండు రాళ్ళకు పదకొండు అంకెలుండాలి. ఏడే ఉన్నాయి. తన బుర్రలో మాత్రం పదకొండూ ఉన్నాయి.

"మధ్యలో నాలుగు ఖాళీలున్నాయేం?" అన్నాడు భార్యతో.

"మాటల్లో పడి చూడలేదండీ."

"దేని గురించి మాటలు?"

"ఏవో" అంది ఆమె, టీ గ్లాసు గోడ మీద పెడుతూ.

అరవై మూడును మర్చిపోయాడు. ఆ నాలుగు ఖాళీలే కళ్ళ ముందు నిలబడ్డాయి. నాలుగు కిలోమీటర్లు. మలుపుల రోడ్డులో తక్కువ దూరమేం కాదు. తనతో కలిసి అన్ని కిలోమీటర్ల మాటలు ఆమె ఎప్పుడు మాట్లాడిందో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. ఫిల్టరు మీద కుళ్ళు అప్పటికప్పుడు చాలా చిన్నదైపోయి, దాని కింద ఇన్నాళ్ళూ దాక్కున్నది బయటపడింది.

"దిగేటప్పుడు నా కారులో రా" అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. వచ్చి పక్కన కూర్చుంది. బావమరిది ఫోనులో ఎవరితోనో బేరం ఆడుతూ, మీరు పదండి, వస్తా అని చెయ్యి ఊపాడు.

రెండు మలుపులు దిగారు. కారులో చప్పుడు లేదు. సీటు బెల్టు గరగర కూడా వినిపిస్తోంది. 

"ఇందాక పైన అంత మాట్లాడారు. నాతోనైతే కాదు" అంది ఆమె, రోడ్డుకేసే చూస్తూ. కోపం లేదు గొంతులో. "వాడి కారెక్కితే వాడు మాట్లాడతాడు, వాడు ఆగితే కారు మాట్లాడుతుంది. ఇందులో మీరూ మాట్లాడరు, ఇదీ మాట్లాడదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయమా?"

అతను గేరు తగ్గించాడు. మలుపు తిప్పుతూ అన్నాడు: "మాట్లాడకుండా ఉండాలనే దీన్ని అలా చేస్తాం."

"ఎవరు చేస్తారు?"

"మేమే. ఆ పక్కన ఖాళీ గది ఉంటుంది చూడు, ఉత్తదే అనుకుంటారందరూ. ఇంజను పీల్చేటప్పుడు వచ్చే మోత అందులోకి పోయి, గోడలకు కొట్టుకుని, తిరిగి వచ్చేసరికి కొత్తగా వచ్చే మోతకు ఎదురుపడుతుంది. రెండూ ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి."

"అందులో వెల్లుల్లి పెట్టాను నేను" అంది. అతనికి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు, ఆలోచిస్తోంది. "మరి ఆ గది ఎంత ఉండాలో మీకెలా తెలుస్తుంది?"

ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆ గదిని ఒక వేలెడు చిన్నగా పోసి తప్పు చేశారనీ, కార్లు కూనిరాగాలు తీసినట్టు మూలిగాయనీ, మూడు వందల డబ్బాలు తిరిగొచ్చాయనీ, ఆ మూలుగు ఎక్కడిదో పట్టుకోవడానికి తనూ బల్ల దగ్గరావిడా రెండు రోజులు చెవులొగ్గి కూర్చున్నారనీ చెబుతున్నాడు. ఆమె సీట్లో ఇటు తిరిగి కూర్చుంది.

అంతలో వెనక నుంచి గుర్రుమంటూ వచ్చింది. బావమరిది కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, హారను కొడుతూ వాళ్ళను దాటి పల్లంలోకి దూసుకుపోయాడు. దిగుడు రోడ్డు కదా, ఏ గాలైనా చాలు. గుట్టంతా మోగింది.

ఆమె అటు చూడలేదు. అతనే చూశాడు, మలుపులో వెనక దీపాలు కనపడకుండా పోయేదాకా. అబ్బ, ఎంత బాగా మోగుతోంది వెధవది, అనుకున్నాడు. 

"ఆగిపోయారేం? ఎక్కడ దొరికింది ఆ మూలుగు?" అంది ఆమె.

ఆ మోత అణిగేదాకా అతను కారు నెమ్మదిగా నడిపాడు. అణిగాక, ఇందాకటి కంటే కొంచెం గట్టిగా, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకున్నాడు.