చల్లటి రక్తం

పెద్ద కొడప్‌గల్ దేవిదాసు పేరు చెబితే బాన్సువాడలో నర్సులు లేచి కుర్చీ వేస్తారు. రక్తం ఇవ్వడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఇప్పటికి నలభై సార్లు ఇచ్చాను. ఒకసారి నా నరం గట్టిదనానికి సూది వంగిపోతే కంసాలి దగ్గరికి పంపి సాపు చేయించుకొచ్చారు. ఇంకోసారి సంచి నిండినా ధార ఆగకపోతే పక్క మంచం మనిషికి కూడా సర్దారు.

ఈ బడాయి నిజామాబాద్ బ్లడ్ బ్యాంకు దాకా బాగానే నడిచింది. అక్కడ తీసుకునే రక్తానికి బదులు నాది ఇస్తానంటే, కౌంటర్‌లోని మనిషి నా ఆధార్ కార్డు చూసి, డెబ్బై రెండేళ్ల వాళ్ల రక్తం మాకొద్దు అన్నాడు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇగ దాచడమెందుకు, నేను జన్మలో ఒక్క చుక్క ఇచ్చినవాణ్ని కాను. షుగర్ పరీక్షకు వేలిమీద పొడిస్తేనే బెంచీ మీద పడిపోయిన ఘనుణ్ని.

నేను వెళ్లింది మా చెల్లె భూమవ్వ కోసం. ఆమె ఎముకల్లో రక్తం తయారు కావడం ఆగిపోయి మూడు నెలలైంది. ఇది బాగయ్యేది కాదని, పదిహేను రోజులకో సంచి ఎక్కిస్తూ పోతే ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లని డాక్టరు దాచకుండా చెప్పాడు. ఆమెది బి నెగెటివ్. ఈసారి జిల్లా అంతా అడిగితే దొరికింది ఒకే ఒక్క సంచి. ఒంట్లో రక్తం మూడు గ్రాములకు పడిపోయింది, ఈ సాయంత్రంలోగా ఎక్కకపోతే గుండె తట్టుకోదన్నాడు.

మంచు ముక్కల మధ్య పెట్టి, థర్మాకోల్ డబ్బాలో సంచి ఇచ్చారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన చేపలా అని అడిగాడు. పెళ్లికూతురి నగలని చెప్పాను. బాన్సువాడ వచ్చేదాకా ఆయన నా వైపే జరిగి కూర్చున్నాడు.

దవాఖానకు చేరేసరికి పదకొండు. ప్రేమల అనే నర్సు భూమవ్వ చేతికి రబ్బరు పట్టీ బిగించి నరం వెతుకుతోంది. రెండు చోట్ల పొడిస్తే రెండు చోట్లా జారిపోయింది. మూడోసారి మణికట్టు పక్కన దొరికింది. సూది బయటికి లాగి, సన్న గొట్టాన్ని లోపలే నిలిపి, టేపు వేసి, ముందుగా సెలైన్ మెల్లగా వదిలింది. తర్వాత నా వైపు తిరిగింది.

"దేవిదాస్ తాతా, డబ్బా మూత తియ్యకు. సంచి మీది పేరు, నంబరు, గ్రూపు ఇద్దరం సిస్టర్లం కల్సి సూసినంకనే ఎక్కియ్యాలె. ఇంకో సిస్టర్ కాన్పుల గదిల ఉన్నది, పావుగంటల వస్తది."

ఆమె వేరే మంచం దగ్గరికి వెళ్లింది. పోయినసారి సంచి ఎక్కుతున్నప్పుడు భూమవ్వకు పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఇప్పుడు డబ్బా వైపు భయంగా చూసింది.

"గది మస్తు సల్లగుంటదే అన్నా. చేతుల కాలువ నీళ్లు ఇడిసినట్టయితది. జర ఎచ్చగ జెయ్యుమను."

"నేనుండంగ నీకేం ఫికరే" అన్నాను.

మా కొట్టంలో ముప్పై ఏళ్లుగా బర్రెలున్నాయి. తల్లి పోయిన దూడకు చల్లటి పాలు ఎవరూ తాపరు. పాలచెంబును వేడినీళ్లలో నిలబెట్టి, మోచేతితో చూసి తాపుతాం. మూత తీయొద్దని ప్రేమల చెప్పింది నిజమే. ఎందుకో చెప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సంచిని కండువాలో చుట్టి గేటు బయట చాయ్ హోటల్‌కు వెళ్లాను. హోటల్ చందూలాల్ కప్పులు కడగడానికి కాచిన నీళ్ల బకెట్ ముందు పెట్టాడు. పొగలు వస్తున్నాయి. పది నిమిషాలు ముంచి, తీసి, శుభ్రంగా తుడిచి తెచ్చాను. అంటించిన కాగితం మూల కొంచెం లేస్తే బొటనవేలితో అద్దాను.

ప్రేమల సంచి చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. రంగు నల్లగా మారింది.

"గిదేంది తాతా, గింత ఎచ్చగున్నది?"

నేను కొంచెం గర్వంగానే చెప్పాను, బకెట్ సంగతి, దూడల సంగతి. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రెండో నర్సుకు చూపింది, డాక్టరుకు ఫోన్ చేసింది, వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చుంది.

"గంత వేడికి రక్తంల కణాలు పగిలిపోతయి తాతా. ఇది ఎక్కిస్తే మనమే సంపినట్టు."

"సగమన్నా పనికొస్తదేమో సూడు బిడ్డా."

"సుక్క గుడ రాదు."

సంచిని పసుపుపచ్చ కవర్లో వేసి తీసుకెళ్లారు. కామారెడ్డి అడిగారు, నిజామాబాద్ మళ్లీ అడిగారు. నాందేడ్‌కు నేనే నా వచ్చీరాని మరాఠీలో ఫోన్ చేశాను. బి నెగెటివ్ గానీ, ఎవరికైనా ఎక్కించగల ఓ నెగెటివ్ గానీ ఎక్కడా లేదు. హైదరాబాద్‌లో ఒకటి ఉంది, రేపు మధ్యాహ్నానికి గాని రాదన్నారు.

భూమవ్వకు ఇవేవీ తెలియవు. తలపైన సెలైన్ సీసా చుక్కచుక్కగా దిగుతోంది. ఆమె కళ్లు దానిమీదే ఉన్నాయి.

"ఎక్కుతున్నదా అన్నా?"

నేను ఇన్నేళ్లుగా కోసిన కోతలకు అప్పుడొక్కసారి పని పడింది.

"ఎక్కుతున్నది. గిది కొత్త రకం. ఎరుపంత తీసేసి సాఫ్ జేసిన్రు. పట్నంల పెద్దోళ్లకు గిదే ఎక్కిస్తుండ్రు. చీర మీద వడ్డా మరక గాదు."

ప్రేమల తల వంచుకుని, చుక్కల వేగం సరిచేస్తున్నట్టు అక్కడే నిలబడిపోయింది.

భూమవ్వ నవ్వింది. "నీ బడాయి పాడుగాను. గని ఎచ్చగనే ఉన్నదే అన్నా. మంచిగున్నది."

నాలుగు దాటాక ఊపిరి ఎగపోయడం మొదలైంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. పొద్దు గుంకకముందే పోయింది. హైదరాబాద్ సంచి మరునాడు రెండు గంటలకు వచ్చింది. ప్రేమల దాన్ని ఫ్రిజ్‌లో పెట్టిందట, ఇంకెవరికైనా పనికొస్తుందని.

ఇందులో కల్పించింది ఎంత అని మీరు అడుగుతారని తెలుసు. బకెట్ నిజం. చందూలాల్ నిజం. రక్తంలో ఎరుపు తీసేశారని చెప్పిందీ నిజమే. భూమవ్వ నవ్విందని, వెచ్చగా ఉందన్నదని రాశాను చూడండి, అదొక్కటి నేను కల్పించాను. ఆమె సీసా వైపు చూసింది, నా మొహంలోకి చూసింది, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.