బావి దగ్గర తొమ్మిది గీతలు

సారు మీద నాకు కోపం. నా మీద అంతకు రెండింతలు.

1964 ఎండాకాలం. నేను పట్నంలో నగర ప్రణాళికలో పై చదువు చదువుతున్నాను. ప్లాను గీయడం పుస్తకంతో రాదు, ఊళ్లో తిరిగితేనే వస్తుందని సారు మా ఆరుగురినీ షాద్‌నగర్ తీసుకొచ్చాడు. స్టేషను నుంచి అంగడికి కొత్త రోడ్డు గీయాలి. దారికి మా వాళ్ల వాడ, వాడకున్న ఒకే ఒక్క చేదబావి అడ్డం. రోజుకు యాభై మంది కన్నా తక్కువ వస్తే బావి పూడ్చేయవచ్చని సారు లెక్క. నన్నూ ఇంకొకణ్ణీ ప్యాంట్లతో, టోపీలతో బావి పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టాడు. నీళ్లు తోడిన మనిషికో గీత. పొద్దుగూకే వేళకు తొమ్మిది గీతలు పడ్డాయి.

"చూశావా బాలస్వామీ, పని తేలికైంది," అన్నాడు సారు. ఊసుపోక నేను గీసిన బావి బొమ్మను కూడా మెచ్చుకున్నాడు.

అటు నుంచి అటే, ఆ వాడలోనే ఉండే మా చిన్నమ్మ పుల్లమ్మ ఇంటికి వెళ్లి నీళ్లడిగాను. సగం చెంబు ఇచ్చింది.

"గింతేనా చిన్నమ్మా?"

"ఇద్దరు సర్కారోళ్లు పొద్దంత బావి కాడ్నే కూసున్నరు బిడ్డా. వచ్చినోళ్లను కాయితం మీద రాసుకుంటున్నరంటే ఎవరు పోతరు? కుండలు వరుసల వెట్టి ఇంటికొచ్చినం. అండ్ల ఒకడివి నువ్వేనట గద. ఊరి బావిల మా చేంతాడు వడనియ్యరని నీకు తెల్వదా?"

తల కొట్టేసినట్టయింది. వరుసలో కుండ ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని జరిపితే జుట్లు పట్టుకుంటారు. నా బొమ్మ తీసి చూశాను. డెబ్బై ఒక్క కుండలు. అన్నీ నా చేత్తో గీసినవే.

పొద్దున సారుకు చెప్పాను.

"ఫారంలో కుండలకు గడి లేదు. నీ వాళ్లున్న చోట నీ లెక్క నేను నమ్మను."

"ఆ కుండే మనిషి సార్. బావి పూడిస్తే వాళ్లు ఏం తాగాలె?"

"నీకు మార్కులు కావాలా, బావి కావాలా?"

మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసులో ప్లాను చూపించే వేళ, సారు గీసిన రోడ్డు మీద నా బొమ్మ అంటించాను. తొమ్మిది అన్నది తప్పుడు లెక్క అని అందరి ముందూ అన్నాను. సర్పంచి వంగి కుండలు లెక్కపెట్టాడు.

"కుండ వెట్టినంక మనిషి ఉన్నట్టే గద సారూ. రోడ్డు జర అవుతలికి జరపుండ్రి."

రోడ్డు పక్కకు జరిగింది. బావి మిగిలింది. ఆ ఏడు సారు నన్ను పరీక్ష తప్పించాడు.

మరుసటి ఏడు మళ్లీ అదే తరగతిలో కూర్చున్నాను. ఫారంలో కొత్త గడి: కుండలు. అది తానే కనిపెట్టినట్టు సారు గంటసేపు పాఠం చెప్పాడు. నా ఒళ్లు మండిపోయింది. నా ఏడేళ్లప్పుడు మా అమ్మ నా చేతికి కుండ ఇచ్చి నేర్పిన పాఠం అది.

ప్యాంటు తొడుక్కోగానే మరిచిపోయాను.